శుక్రవారం గడప దాటిన నిప్పు

ఏరు ఇప్పటికంటె వెడల్పుగాను, మనుషులు ఇప్పటికంటె తక్కువగాను ఉన్న కాలమది. అగ్గిపెట్టె అనే వస్తువు ఇంకా లోకానికి రాలేదు. నిప్పు లేనివాడు నిప్పున్నవాని గుమ్మానికి నడిచి వెళ్లేవాడు. ఆ కాలంలో గోదావరి నడుమ రెల్లులంక అనే లంక ఒకటి ఉండేది. మధ్యలో మన్ను, మన్ను చుట్టూ రెల్లు, రెల్లు చుట్టూ ఇసుక, ఇసుక చుట్టూ నీరు. ఆ లంకలో మెరక మీద ఒక పొలం, ఆ పొలంలో ఒక తాటాకు ఇల్లు, ఆ ఇంటిలో అచ్చియ్యమ్మ అనే ముసలమ్మ ఉండేది.

అచ్చియ్యమ్మను గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఆమెకు పాట రాదు. పురాణం రాదు. కాశీ మాట అటుంచి, ఏటికి అవతలి గట్టు చూసినదే తక్కువ. భర్త ఎన్నడో కాలం చేశాడు. పొలం కొడుకు అబ్బులు చేతిలోకి, ఇల్లు కోడలు చెల్లాయమ్మ చేతిలోకి వెళ్లాయి. అచ్చియ్యమ్మకు మిగిలినవి మూడే. పేడ, పాలు, నిప్పు.

తెల్లవారకముందే లేచి పేడ ఎత్తేది. ఊక కలిపి పిడకలు చరిచి, దక్షిణపు గోడ నిండా అంటించేది. ఆ పిడకల మీద ఆమె అయిదు వేళ్లూ అచ్చు పడి ఉండేవి. ఎండిన వాటిని అటక మీదికి చేర్చేది. పెరటి మూలలో మట్టితో కట్టిన దాలిగుంట ఉండేది. ఆ గుంటలో పిడకలు పేర్చి, మీద ఊక పోసి, పాలకుండను కూర్చోబెట్టేది. మంట లేదు, సెగ మాత్రమే. పొద్దుటి పాలు పొద్దువాలేదాకా ఆ సెగ మీద కాగి కాగి, గోధుమరంగు తిరిగి, మీద అరచేతి మందాన మీగడ కట్టేవి.

ఈ కథను కళ్లతో చూసినది అచ్చియ్యమ్మ మనుమరాలు బుల్లెమ్మ. అప్పటికి ఆమె పాలపళ్లు ఊడుతున్న పిల్ల. తరువాత ఆమె తల నెరిసి, తన మనుమలకు చెప్పింది. వారు తమ మనుమలకు చెప్పారు. అలా చేతులు మారుతూ మా దాకా వచ్చింది.

బుల్లెమ్మ ఎప్పుడూ పాలతోనే మొదలుపెట్టేదట. పాలు తోడుకు తీశాక ఖాళీ కుండను మామ్మ బోర్లించేది కాదు. ఆల్చిప్పతో అడుగు గోకి, ఆ ఎర్రని గోకుడును బుల్లెమ్మ అరచేతిలో పెట్టేది. అందులో కొంచెం తీపి, కొంచెం చేదు, కొంచెం పొగ. "అంత రుచి నేను మళ్లీ ఎరగను" అని బుల్లెమ్మ ముసలితనంలో కూడా అరచేయి చూసుకొనేదట.

అయితే ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసుకొని చూసినది పాలను కాదు, నిప్పును. పొద్దుగూకితే అచ్చియ్యమ్మ నిప్పును పడుకోబెట్టేది. కణికలను దగ్గరకు చేర్చి, మీద ఊక కప్పి, ఊక మీద బూడిద కప్పి, అరచేతితో మెత్తగా తట్టేది, పసిబిడ్డను జోకొట్టినట్లు. తెల్లవారి ఆ బూడిద తొలగించి, వంగి, నోటితో సన్నగా ఊది, "లేమ్మా, తెల్లవారింది" అనేది. నివురు చెదిరి, లోపల ఒక ఎర్రని కన్ను తెరుచుకొనేది. బుల్లెమ్మ ప్రతి ఉదయమూ చూసేది. ప్రతి ఉదయమూ ఒళ్లు జలదరించేది.

"మామ్మా, ఈ నిప్పు వయసెంత?"

"నాకంటె పెద్దది. మా అత్తగారికంటె పెద్దది. ఆవిడ అత్తగారు కాపురానికి వచ్చేనాటికే ఇక్కడ ఉన్నదట."

"ఎప్పుడూ చావలేదా?"

"చస్తే నేనిక్కడ ఎందుకుంటానే" అనేది అచ్చియ్యమ్మ.

ఆమె కాపురానికి వచ్చిన నాడు అత్తగారు దాలిగుంట ముందు నిలబెట్టి అన్న మాట ఒకటుంది. "కోడలా, ఇల్లు మగవాళ్లది. పొలం ఏటిది. నిప్పు మాత్రం నీది. నీ చేతిలో చావనివ్వకు." అచ్చియ్యమ్మ చావనివ్వలేదు. ఎన్ని వానలు వచ్చినా, ఎన్ని వరదలు వచ్చినా, ఇంట్లో ఎవరు పుట్టినా, ఎవరు పోయినా, ఆ నిప్పు పొద్దుటికి కన్ను తెరిచేది.

లంకలో ఎవరి పొయ్యి ఆరినా వారు పిడకముక్క పట్టుకొని వచ్చేవారు. అచ్చియ్యమ్మ కణికను చేత్తోనే తీసి దాని మీద పెట్టేది. ఏళ్ల తరబడి అలా తీసి తీసి ఆమె వేళ్ల చివర గీతలు అరిగిపోయాయి. ఊరికి పెద్ద అయినా, ఆవులు కాసేవాడయినా, ఆమె గుమ్మంలో నిప్పు ఒక్కటే.

ఒక్క శుక్రవారం తప్ప.

శుక్రవారం నాడు నిప్పు ఇల్లు దాటితే, దానితో పాటు లక్ష్మి దాటుతుందని లంక నియమం. ఆ రోజు ఎవరూ అడగరు, ఎవరూ ఇవ్వరు. ఈ నియమాన్ని లంక మొత్తం మీద గట్టిగా పట్టినది కూడా అచ్చియ్యమ్మే. ఒకసారి కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఎవరో తెలియక శుక్రవారం పిడకముక్కతో వచ్చింది. "మీ అమ్మ నీకు వారాలు నేర్పలేదా, దూడలతో పాటు పెంచిందా" అని అచ్చియ్యమ్మ అన్న మాటకు ఆ పిల్ల పండుగదాకా ఆ వైపు రాలేదు.

ఇలా ఉండగా ఒక ఏడు, రెల్లు పూచి రాలే వేళకు, సముద్రం వైపు నుంచి గాలి లేచింది.

బుధవారం గాలి వచ్చింది. అబ్బులు అంతకు ముందే ఎడ్లను కొనడానికి అవతలి గట్టుకు పోయి అక్కడే చిక్కుకొన్నాడు. పడవలు కట్టివేశారు. గురువారం వాన వచ్చింది. చూరు నుంచి ధారలు కావు, తెర దిగినట్లు దిగింది. గడ్డివాములు తడిశాయి, పిడకల గూళ్లు తడిశాయి. చెకుముకి రాయి ఉన్నవారి ఇంట, రవ్వను పట్టే బూరుగుదూది తడిసింది. లంకలో పొయ్యిలు ఒకటొకటిగా ఆరిపోయాయి. ఆరినవారు అచ్చియ్యమ్మ దగ్గరకు వచ్చి నిప్పు తీసుకొని వెళ్లారు. వెళ్లిన నిప్పు దారిలోనే చచ్చింది. మళ్లీ వచ్చారు, మళ్లీ ఇచ్చింది, మళ్లీ చచ్చింది. ఆ సాయంత్రం అచ్చియ్యమ్మ దాలిగుంట మీద తాటాకు పందిరి దింపి, మర్నాటి దీపానికి వత్తులు చేసుకొని, తాటాకు సంచిలో పెట్టి, నీరు చొరకుండా మైనం అద్ది, బొడ్డు దగ్గర దోపుకొంది.

శుక్రవారం ఏరు వచ్చింది. పల్లమంతా నీరయింది. తెల్లవారేసరికి లంక మొత్తంలో నిప్పున్న ఇళ్లు మూడే. ఊరిపెద్దగారి ఇల్లు ఒకటి, పడవల కామందు ఇల్లు ఒకటి, అచ్చియ్యమ్మ ఇల్లు ఒకటి.

ఆ ఉదయమే పల్లపు కాలువకు ఆవల, ఆవులు కాచే మరిడయ్య గుడిసెలో, వాడి భార్య నూకాలు ప్రసవించింది. ఆడపిల్ల. గుడిసె ఒక పక్క ఒరిగింది. బిడ్డ ఏడవలేదు. పెదవులు నేరేడుపండు రంగు తిరిగాయి. మంత్రసాని గంగమ్మ బిడ్డను తన రొమ్ముకు అదుముకొని, "ఒరే మరిడీ, ఊపిరి ఉంది గాని వేడి లేదురా. తల్లికి కాపడం పెట్టాలి, బిడ్డకు సెగ చూపాలి. నిప్పు తెస్తే ఇద్దరూ ఉంటారు. తేకపోతే నాకు తెలియదు" అంది.

మరిడయ్య పరుగెత్తాడు.

మొదట ఊరిపెద్దగారి ఇంటికి వెళ్లి, గుమ్మం బయట వానలో నిలబడ్డాడు. "అమ్మగారండీ, మా ఆడది కనిందండి. బిడ్డ సల్లబడిపోతన్నాదండి. పిసరు నిప్పు పెట్టించండి."

ఊరిపెద్ద భార్య వసారాలో నుంచి అడిగింది. "ఇవాళ ఏ వారంరా?"

"శుక్రోరమండి."

"తెలిసే వచ్చావా?"

"తెలిసేనండి."

ఆమె చెడ్డ మనిషి కాదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపలికి వెళ్లి చేటెడు బియ్యం తెచ్చి వాడి కండువాలో పోసింది. "రేపు తెల్లవారగానే రా. కుంపటి నిండా పోయిస్తాను" అంది. మరిడయ్య బియ్యం మూట కట్టుకొని వెళ్లాడు.

తరువాత పడవల కామందు ఇంటికి వెళ్లి, గుమ్మం బయట వానలో నిలబడ్డాడు. కామందు తల్లి విని, చెవులు మూసుకొంది. "ఆ మాట ఇవాళ నా చెవిని వేయకురా నాయనా" అంది. ఆమె కూడా చెడ్డ మనిషి కాదు. తాను కప్పుకొన్న దుప్పటి తీసి విసిరింది. అది గుమ్మం దాటేసరికి తడిసిపోయింది.

ఆఖరున అచ్చియ్యమ్మ ఇంటికి వచ్చి, గుమ్మం బయట వానలో నిలబడ్డాడు. ఏమీ అడగలేదు. బియ్యం మూటతో, తడిసిన దుప్పటితో, నిలబడ్డాడు. అతని ముఖం చూసి అచ్చియ్యమ్మే అడిగింది.

"ఏ బిడ్డరా?"

"ఆడపిల్లండి, పెద్దమ్మగారూ."

"ఏడిచిందా?"

"లేదండి."

అచ్చియ్యమ్మ పెరటి దాలిగుంట వైపు ఒకసారి చూసింది. తరువాత "శుక్రవారంరా మరిడీ" అంది.

"ఆయ్. ఎరుగుదునండి."

ఆమె ముంతెడు పాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. మరిడయ్య దణ్ణం పెట్టి వెనుదిరిగాడు. అతని దగ్గర బియ్యం ఉంది, వండే నిప్పు లేదు. దుప్పటి ఉంది, ఆరబెట్టే నిప్పు లేదు. పాలు ఉన్నాయి, కాచే నిప్పు లేదు. తెరలాంటి వానలో అతని వీపు కనబడి, కనబడక, మాయమైపోయింది. బుల్లెమ్మ అరుగు మీద నుంచి చూసింది.

అచ్చియ్యమ్మ పెరటిలోకి వచ్చి దాలిగుంట ముందు కూర్చొంది. ఆ రోజు నిప్పును ఇంకా లేపలేదు. మీది బూడిద తీసి, వంగి, సన్నగా ఊది, "లేమ్మా, తెల్లవారింది" అంది.

నిప్పు లేవలేదు.

ఊక తొలగించింది. ఊక చల్లగా ఉంది. మళ్లీ ఊది, "లేమ్మా, తెల్లవారింది" అంది. నిప్పు లేవలేదు. కింది పొర దాకా వేళ్లు పోనిచ్చి వెదికింది. పక్కన నిలబడి ఉన్న బుల్లెమ్మ తానూ వంగి చూసింది. అట్టడుగున, బూడిదలో, చింతపిక్కంత కణిక ఒకటి మిగిలి ఉంది. నలుపులో ఒక ఎర్రని చుక్క.

"అలిగింది" అంది అచ్చియ్యమ్మ.

చెల్లాయమ్మ వంటింటి గుమ్మంలో నుంచి నవ్వింది. ఆమె నోటికి ఎప్పుడూ అడ్డు లేదు. "బాగుందండీ అత్తయ్యగారూ. మామయ్యగారు పోయాక ఈ ఇంట్లో అలిగేవాళ్లు లేరని నిప్పు నేర్చుకొందా? ఎవరి మీదట అలక?"

"నా మీద."

చెల్లాయమ్మ నవ్వు ఆగిపోయింది. అత్తగారి గొంతులో హాస్యం లేదు.

"ఒసే చెల్లాయీ. శుక్రవారం నిప్పెందుకు ఇవ్వం?"

"లక్ష్మి గడప దాటుతుందని."

"దాటకుండా ఉందా మరి? ఆవిడ ఇందాకే దాటింది. మన గుమ్మంలో నిలబడి, నిప్పు దొరక్క వెనుదిరిగిన మనిషి వెంట దాటింది. నేను చూస్తూ కూర్చొన్నాను. ఇంట్లో ఆవిడ లేదని నిప్పుకు తెలిసింది. నాకే తెలియలేదు."

చెల్లాయమ్మ దాలిగుంటలోకి తొంగి చూసి, ఆ చింతపిక్కంత కణికను చూసి, ఇల్లాలి మాటే అంది. "పోనీ, రెండు చేయండి. సగం వాళ్లకు, సగం మనకు."

"ఇంత నిప్పును రెండు చేస్తే రెండూ చస్తాయి."

"అయితే మనకో? ఈ ఇంట నిప్పు చావలేదని మీరే అంటారు కదా. మీ అత్తగారికి మాటిచ్చారు కదా."

"ఇచ్చాను. ఇవాళ తప్పుతున్నాను. ఆవిడకు నేను చెప్పుకొంటాను. నువ్వు పక్కకు జరుగు."

అచ్చియ్యమ్మ కొత్త ముంత ఒకటి తీసింది. అడుగున వెచ్చని బూడిద పోసింది. బూడిద మీద నలిపిన కొబ్బరిపీచు పరిచింది. పీచు నడుమ ఆ కణికను, గీతలు లేని వేళ్లతో, పూవును తీసినట్లు తీసి పెట్టింది. మీద మూకుడు బోర్లించి, రవంత సందు వదిలింది. తాటాకు గొడుగు వేసుకొని, ముంతను రొమ్ముకు హత్తుకొని, గడప దాటింది. శుక్రవారం నాడు, నిప్పుతో, తన గడప తానే దాటింది.

చెల్లాయమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. గొణిగింది. మళ్లీ చూసింది. "నిప్పొక్కటీ తీసుకొని పోతే దేని మీద పెడుతుందట, నీళ్ల మీదా?" అని, అటక ఎక్కి, ఎండిన పిడకలు దించి, తలమీద పెట్టుకొంది. వాటి మీద పెళ్లినాటి ఇత్తడి గంగాళాన్ని బోర్లించుకొంది. "అరుగు దిగావంటే కాళ్లు విరుగుతాయి" అని బుల్లెమ్మతో చెప్పి, తానూ వానలోకి దిగింది.

బుల్లెమ్మ ఈ మాట చెప్పేటప్పుడు తొంభై ఏళ్ల వయసులో కూడా నవ్వేదట. వానలో అమ్మ కనబడలేదు. ఇత్తడి గంగాళం ఒకటి, దానంతట అదే, మెరక దిగి నడిచి వెళ్లింది.

ఆ తరువాతిది చెల్లాయమ్మ చూసి చెప్పినది.

మెరక దిగగానే గాలి ఎదురయింది. తాటాకు గొడుగును పెరికి ఏటిలోకి విసిరింది. అచ్చియ్యమ్మ నిలబడలేదు. నడుము రెండుగా వంచి, తన వీపునే గొడుగు చేసి, ముంతను కడుపులో దాచుకొని నడిచింది.

పల్లపు కాలువ దగ్గర నీరు ఎదురయింది. మోకాలిబంటి అనుకొన్నది రొమ్ములోతు వచ్చింది. అచ్చియ్యమ్మ ముంతను తల మీదికి ఎత్తి, కొప్పు విప్పి జుట్టుతో కప్పి, రెండు చేతులా పట్టుకొంది. వెనుక నుంచి చెల్లాయమ్మ, ఒక చేత్తో గంగాళాన్ని, ఒక చేత్తో అత్తగారి చీరను పట్టుకొని, "మునిగితే ఇద్దరం మునుగుదాం, మీ అబ్బాయి వచ్చి మళ్లీ పెళ్లి చేసుకొంటారు" అంటూ దాటింది.

కాలువ దాటాక చలి ఎదురయింది. అచ్చియ్యమ్మ మూకుడు సందులో నుంచి చూసింది. ఎర్రని చుక్క లేదు. పీచు చెమర్చింది. ఊదింది. ఏమీ లేదు. లంక మొత్తంలో, ఆకాశం కింద, అంత చిన్న రవ్వను పట్టుకొనే మెత్తని పొడి వస్తువు ఏదీ లేదు. అప్పుడామె బొడ్డు దగ్గర తడిమి, తాటాకు సంచి తీసి, మైనం ఊడదీసింది. లోపల వత్తులు పొడిగా ఉన్నాయి. శుక్రవారపు దీపానికి చేసిన వత్తులు. చెల్లాయమ్మ గంగాళం వంచి అడ్డం పట్టింది. అచ్చియ్యమ్మ ఒక్కొక్క వత్తినీ మూకుడు సందులో నుంచి లోపలికి జార్చింది.

"అమ్మా, నీ దీపం ఇక్కడే పెడుతున్నాను" అంది. ఎవరితో అన్నదో చెల్లాయమ్మ అడగలేదు. వత్తి అంచున సన్నని పొగ లేచింది.

గుడిసెలో మంత్రసాని గంగమ్మ బిడ్డను అదుముకొని అలాగే కూర్చొని ఉంది. నూకాలు కళ్లు మూసుకొని ఉంది. మరిడయ్య బియ్యం మూట, తడి దుప్పటి, పాల ముంత వరుసగా పెట్టుకొని, వాటి ముందు కూర్చొని ఉన్నాడు. గుమ్మంలో వెలుతురు తగ్గితే తలెత్తి చూశాడు. నీరు కారుతున్న ముసలమ్మ ఒకామె, ఆమె వెనుక ఒక గంగాళం.

"లేవరా, కుంపటి ఏదీ?" అంది అచ్చియ్యమ్మ.

చెల్లాయమ్మ పిడకలు విరిచింది. అచ్చియ్యమ్మ ముంతను కుంపటిలోకి వంచి, నేల మీద పడుకొన్నట్లుగా వంగి, ఊదింది. బూడిద లేచి కళ్లలో పడింది. మళ్లీ ఊదింది. మూడవసారి ఊపిరంతా కూడగట్టి, సన్నగా, పొడుగుగా, ఊది ఊది, అలవాటు చొప్పున అంది.

"లేమ్మా, తెల్లవారింది."

పిడక అంచున ఎర్రని గీత పాకింది. గంగమ్మ బిడ్డను ఆ సెగ మీదికి వంచింది. అప్పుడు బిడ్డ పెదవి కదిలింది. ముడుచుకొన్న పిడికిలి విడింది. ఆ గుడిసె తాటాకులు అదిరేటట్లు ఏడిచింది.

మెరక మీద, అరుగు అంచున నిలబడి ఉన్న బుల్లెమ్మకు ఆ ఏడుపు వినిపించలేదు. ఆమెకు కనిపించినది వేరు. బూడిదరంగు ఆకాశం కింద, బూడిదరంగు నీటి అవతల, ఒరిగిన గుడిసె చూరు నుంచి ఒక పొగ లేచింది. వాన దానిని కొట్టింది. అది వంగింది. మళ్లీ లేచింది. ఆ పొద్దుటి నుంచి ఆమెకు లంకలో ఎక్కడా పొగ కనబడలేదు. ఆ పిల్ల తెలియకుండానే రెండు చేతులూ జోడించిందట.

ఆ పొగను చూసినది బుల్లెమ్మ ఒక్కతే కాదు.

ఊరిపెద్దగారి పొయ్యి మీద అప్పటికే ఇంటికప్పు కూలి నిప్పు ఆరిపోయింది. పడవల కామందు ఇంట పిడకలు అయిపోయి కుంపటి చల్లారింది. ఎవరికీ ఇవ్వని నిప్పు ఎవరి ఇంటా నిలవలేదు. ఇప్పుడు లంకలో ఉన్న నిప్పు ఒక్కటే. అది ఉన్నది ఆవులు కాచేవాని గుడిసెలో. అది పురిటి గుడిసె. పురిటి ఇంటి నిప్పు పది రోజులదాకా ఎవరూ ముట్టరు. పైగా శుక్రవారం.

మధ్యాహ్నానికి వాన కొంచెం తెరిపి ఇచ్చింది. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే నియమాలు ఎంతసేపని చెప్పుకొంటారు. మొదట ఒకరు వచ్చారు, తరువాత ఇద్దరు వచ్చారు, తరువాత లంకంతా కాలువ దాటి వచ్చింది. అందరి చేతులలో పిడకముక్కలు. వారిలో ఊరిపెద్ద భార్య కూడా ఉంది. గుడిసె గుమ్మం బయట నిలబడి, నేల చూసింది.

మరిడయ్య ఆమెను చూశాడు. చూసి, చేతులు కట్టుకొని, వినయంగా అడిగాడు. "అమ్మగారండీ, ఇయ్యాల ఏ వారమండి?"

చుట్టూ ఉన్నవారు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. ఆమె కూడా నవ్వలేక నవ్వింది. "తెలుసులేరా. పెట్టు."

మరిడయ్య పెట్టాడు. అడిగినవారికందరికీ పెట్టాడు. ఎంత పెట్టినా కుంపటి తరగలేదు. ఒక ఇంటి నుంచి పొగ లేచింది, తరువాత పక్క ఇంటి నుంచి లేచింది. లంక మీద పొగలు వరుసగా లేవడం బుల్లెమ్మ అరుగు మీద నుంచి లెక్కపెట్టి, లెక్క తప్పి, ఊరకనే చూస్తూ కూర్చొంది.

అందరూ వెళ్లాక అచ్చియ్యమ్మ లేచి గుడిసె బయటకు వెళ్లింది. ఇంటికి పోతున్నదని లోపలివారు అనుకొన్నారు. ఆమె పోలేదు. చెల్లాయమ్మ తెచ్చిన పిడకలలో నుంచి ఒక ముక్క విరిచి చేత పట్టుకొని, గుమ్మం బయట, మరిడయ్య పొద్దుట తన ఇంటి ముందు ఎలా నిలబడ్డాడో అలా నిలబడింది. పుట్టింటి నుంచి వచ్చిన నాటి నుంచి ఆమె నిప్పు ఇచ్చినదే గాని, అడిగినది లేదు. అడగడానికి ఆమెకు మాట తెలియలేదు. మళ్లీ తుంపర మొదలయింది.

"అమ్మా నూకాలూ" అంది చివరకు. "మా ఇంట నిప్పు లేదు. పిసరు పెడతావా?"

నూకాలు పడకలో నుంచి తల తిప్పి చూసింది. ఆ మహాతల్లి తన గుమ్మంలో చేయి చాచి నిలబడడం చూసి దుఃఖం ఆపుకోలేకపోయింది. నోటికి వచ్చిన మాట అనేసింది.

"లోపలికి రండి పెద్దమ్మగారూ, తడుస్తారు."

అచ్చియ్యమ్మ కాలువలో మునిగి వచ్చిన మనిషి. జుట్టు నుంచి, చీర నుంచి, గాజులు లేని చేతుల నుంచి ఇంకా నీరు కారుతూనే ఉంది. చెల్లాయమ్మ ఫక్కున నవ్వింది. గంగమ్మ నవ్వింది. నూకాలు ఏడుస్తూనే నవ్వింది. అచ్చియ్యమ్మ మాత్రం నవ్వలేదు.

"పొద్దుట మరిడితో నేను ఆ మాట అనలేకపోయాను" అంది. గడప దాటి లోపలికి వచ్చింది.

నూకాలు మరిడయ్య చేత కణిక తీయించి పెట్టించింది. ఆ నిప్పుతోనే అచ్చియ్యమ్మ ఆ సాయంత్రం దాలిగుంట రగిలించింది. అత్తగారికిచ్చిన మాట తప్పిందో నిలిచిందో లంకవారు తమలో తాము చాలాకాలం వాదించుకొన్నారు. ఆమె మాత్రం వాదించలేదు. పేడ ఎత్తింది, పాలు కాచింది, నిప్పును పడుకోబెట్టింది, లేపింది. ఆ తరువాత ఏ శుక్రవారమూ ఆమె గుమ్మంలో ఎవరూ నిలబడే ఉండిపోలేదు.

ఆ గుడిసెలో పుట్టిన పిల్ల పెరిగి పెళ్లీడుకు వచ్చిన ఏట, ఒక ఉదయం, దాలిగుంట ముందు కూర్చొన్నది కూర్చొన్నట్లే అచ్చియ్యమ్మ కన్ను మూసింది. ఆమెను సాగనంపడానికి నిప్పు ఏ ఇంటి నుంచి తేవాలని పెద్దలు అడిగారు. కొడుకు ఇంటి నుంచి తేవడం ఆచారం. అబ్బులు ముందుకు వచ్చాడు. అతని వెనుక మరిడయ్య వచ్చాడు. ఊరిపెద్దగారి ఇంటి నుంచి వచ్చారు, పడవల ఇంటి నుంచి వచ్చారు. ప్రతి ఇంటి నుంచీ ఒక పిడకముక్క రగిలి వచ్చింది. ఎవరినీ వెనుకకు పొమ్మనడానికి పెద్దలకు నోరు రాలేదు. అన్నీ ఆ శుక్రవారం ఒకే కుంపటి నుంచి వెళ్లిన నిప్పులే కదా. అన్నింటినీ కలిపే పెట్టారు.

ఏరు తరువాత ఎన్నో సార్లు దారి మార్చుకొంది. రెల్లులంకలో సగం కోసుకుపోయింది. మిగిలిన సగంలో ఇప్పుడు గ్యాసు పొయ్యిలు వచ్చాయి, కరెంటు వచ్చింది. నిప్పు కోసం ఒకరి ఇంటికి ఒకరు వెళ్లవలసిన అవసరం ఎవరికీ లేదు. అయినా ఆ లంకలో ఏ ఇంట బిడ్డ పుట్టినా, పుట్టిన తరువాత వచ్చే మొదటి శుక్రవారం నాడు, ఇరుగుపొరుగువారు పిడకముక్కలు పట్టుకొని ఆ పురిటి గుమ్మానికి వస్తారు. పెద్ద ఇంటివారు వస్తారు, కూలివారు వస్తారు. తమ ఇంట నిప్పు లేదని చెప్పి అడుగుతారు. ఆ ఇంటివారు కుంపటి వెలిగించి ఉంచి, అందరికీ పెడతారు.

పెట్టేముందు ఒక మాట అంటారు. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం కావచ్చు, ఆకాశంలో చేరెడు మబ్బు లేకపోవచ్చు, వచ్చినవారి ఒంటి మీద చెమట తప్ప తడి లేకపోవచ్చు. గుమ్మంలో మనిషి కనబడగానే బాలింత పడకలో నుంచే పిలుస్తుంది.

"లోపలికి రండి, తడుస్తారు."